డేగ–పావురం మోడల్ కట్టడం: పట్టిక నుంచి సిమ్యులేషన్ దాకా

ఒకరి లాభం ఎదుటివాళ్ల ప్రవర్తన మీద కూడా ఆధారపడే పోటీలను తరాల మీద లెక్కగట్టేది పరిణామ గేమ్ థియరీ. ఇందులో ఆటగాళ్లు ఆలోచించి ఎత్తు వేయనక్కర్లేదు. ఎక్కువ ప్రతిఫలం తెచ్చే ప్రవర్తన తర్వాతి తరంలో ఎక్కువమందిలో కనిపిస్తుంది, అంతే. అందుకే సమీకరణాల జోలికి పోకముందే రెండు సంగతులు తేల్చుకోండి. ప్రతిఫలాన్ని దేనితో కొలుస్తున్నారు? వ్యూహం ఎలా వ్యాపిస్తోంది? జీవశాస్త్రంలో కొలిచేది సంతానాన్ని, వ్యాప్తి వారసత్వంతో. సామాజిక శాస్త్రాల్లో కొలిచేది డబ్బో సమయమో పరువో కావచ్చు, వ్యాప్తి అనుకరణతో. ఇవి తేలకపోతే చివర్లో వచ్చే అంకెలకు అర్థం చెప్పలేరు.

ముందు పట్టిక వేయండి. డేగ, పావురం అన్నవి రెండు జాతులు కావు. ఒకే జాతిలోని రెండు ప్రవర్తనలు. డేగ గాయపడేదాకా పోరాడుతుంది, పావురం బెదిరించి చూసి తప్పుకుంటుంది. (ఈ ఆటను పరిచయం చేస్తూ జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ 1973లో రాసిన పత్రంలో పావురం లేదు, ఎలుక ఉంది.) వనరు విలువ 4, గాయం నష్టం 6 అనుకుందాం. డేగకు డేగ ఎదురైతే సగటున (4−6)÷2, అంటే −1. డేగకు పావురం దొరికితే 4. పావురానికి డేగ ఎదురైతే 0. రెండూ పావురాలైతే చెరి 2. పట్టికలో ప్రతి గడీ వరుసలో ఉన్నవాడికి దక్కేది మాత్రమే. వరుసలూ నిలువులూ తారుమారైతే ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ చూపదు, జవాబు మాత్రం తప్పొస్తుంది.

డేగల వాటా ఎంతైతే రెండు వ్యూహాలూ సమానంగా సంపాదిస్తాయో చూడండి. ఇక్కడ డేగ సగటు రాబడిలోంచి పావురం సగటు రాబడి తీసేస్తే వచ్చే తేడా 2−3×వాటా. అది సున్నా అయ్యేది మూడింట రెండు వంతుల దగ్గర. ఆ బిందువు నిలకడైనదేనా? మూడింట రెండుసార్లు డేగలా, ఒకసారి పావురంలా ప్రవర్తించేదాన్ని మిశ్రమం అందాం. మిశ్రమానికి డేగ ఎదురైతే −0.67, డేగకు డేగ ఎదురైతే −1. మిశ్రమానికి పావురం ఎదురైతే 3.33, పావురానికి పావురం ఎదురైతే 2. రెండు చోట్లా మిశ్రమానిదే పైచేయి, కాబట్టి ఇది ఈఎస్ఎస్, అంటే చొరబాటుదారులకు లొంగని వ్యూహం. దీన్ని చాలామంది ‘సమూహానికి మేలైన స్థితి’ అని చదువుతారు. అది పొరపాటు: ఇక్కడ సగటు రాబడి 0.67, అందరూ పావురాలైతే 2. అయినా ఆ సమూహంలోకి ఒక్క డేగ వస్తే 4 పట్టుకుపోతుంది.

తర్వాత తరాలు నడపండి. ఫిట్‌నెస్ అంటే తర్వాతి తరానికి వ్యాపించే సామర్థ్యం. కొత్త వాటా = పాత వాటా × డేగ ఫిట్‌నెస్ ÷ సగటు ఫిట్‌నెస్. ప్రతిఫలాన్నే ఫిట్‌నెస్‌గా పెడితే బోల్తా పడతారు. వాటా 0.9 దగ్గర డేగకు −0.5, పావురానికి 0.2, సగటు −0.43, కొత్త వాటా 1.05 అని వస్తుంది. నూటికి నూటఅయిదు మంది డేగలన్నమాట! ప్రతి ప్రతిఫలానికీ మూల ఫిట్‌నెస్‌గా 5 కలపండి, అదే వాటా 0.886కు దిగుతుంది. మూలం ఎంత పెంచితే మార్పు అంత నెమ్మదిస్తుంది, సమతాస్థితి మాత్రం కదలదు. కాబట్టి ‘ఇన్ని తరాల్లో మారింది’ అని చెప్పేముందు మూలం ఎంత పెట్టారో చెప్పండి.

మూడు వ్యూహాలు ఒకదాన్నొకటి ఓడించే చోట లెక్క కట్టే పద్ధతే మోసం చేస్తుంది. కాలిఫోర్నియాలోని ఒక రకం బల్లుల్లో నారింజ గొంతు మగవి నీలి గొంతు వాటి మీద, నీలివి పసుపు వాటి మీద, పసుపువి మళ్లీ నారింజవాటి మీద గెలుస్తాయని జీవశాస్త్రవేత్తలు సినెర్వో, లైవ్లీ 1996లో చూపారు. ఇలాంటి ఆటలో లాభనష్టాలు సరిసమానమైతే నిరంతర రెప్లికేటర్ సమీకరణం (వాటాలు తరాల లెక్కన కాక క్షణక్షణం ఎలా మారతాయో చెప్పేది) మూసిన వలయాల్లో తిరగాలి. చిన్న చిన్న సరళ అడుగులతో లెక్కించే ఆయిలర్ పద్ధతితో చేస్తే అవి బయటికి విప్పుకుంటూ పోతాయి, ఏదో వ్యూహం అంతరిస్తున్నట్టు కనిపిస్తుంది. ఒక్కో అడుగులో మార్పు వేగాన్ని నాలుగుసార్లు అంచనా వేసే నాలుగో స్థాయి రుంగె–కుట్టా పద్ధతి వాడండి. అడుగు పరిమాణం సగం చేసినా బొమ్మ మారకపోతేనే నమ్మండి.

సమాజాన్ని మోడల్ చేసేటప్పుడు ఎక్కువగా తగిలేది సమన్వయ ఆట, అంటే ఎదుటివాళ్లు చేసేదే మనమూ చేస్తే మేలయ్యే ఆట. కలిసి పెద్ద వేటకు వెళ్తే చెరి 4, అందులో ఒంటరిగా మిగిలితే 0, విడిగా చిన్న వేటకు వెళ్తే ఎప్పుడూ 3. పెద్ద వేట వాళ్ల వాటా 0.75 దాటితే అందరూ అటే, తగ్గితే అందరూ ఇటే. ఒక్క ఆరంభ బిందువుతో నడిపి తీర్మానం రాయకండి, 0.05 నుంచి 0.95 దాకా నడపండి. అందరూ కట్టుబడిన వాడుక కొద్దికొద్దిగా మారదనడానికి స్వీడన్ మంచి ఉదాహరణ. ఎడమ నుంచి కుడి పక్క డ్రైవింగ్‌కు ఆ దేశమంతా 1967 సెప్టెంబర్ 3న ఒక్కసారే మారింది.

జనాభా చిన్నదైతే వాటాల సమీకరణం చాలదు, మోరాన్ ప్రక్రియ వాడాలి. వంద మందిలో ఒక్కో అడుగులో ఫిట్‌నెస్‌ను బట్టి ఒకరు సంతానం కంటారు, యాదృచ్ఛికంగా ఒకరు పోతారు. అసలు ప్రతిఫలాలు పెట్టేముందు అన్నిటినీ సమానం చేసి, ఒకే ఒక్క మ్యూటెంట్‌తో (మిగతావాళ్లకు భిన్నమైన వ్యూహం ఉన్న ఒకరితో) 10,000 సార్లు నడపండి. అది జనాభా అంతటా నిండిపోయేది సుమారు 100 సార్లు. 80–120 మధ్య వస్తే సరే. 200 వస్తే ఎంపిక కోడ్‌లో పక్షపాతం దూరింది, అది దొరికేదాకా ముందుకు కదలకండి.