మొహానికి అశ్వగంధ, సెంటెల్లా క్రీములు రాసేముందు ఇవి చూసుకోండి

సెన్సిటివ్ స్కిన్ ఉన్నోళ్ళకే చెప్తున్నానండి. అడాప్టోజెన్స్ అని, అంటే ఒంటికి ఒత్తిడిని తట్టుకునే బలం ఇస్తాయని చెప్పి అమ్ముతున్నారు కదా, అవి అశ్వగంధ, తులసి, జిన్‌సెంగ్ లాంటి మూలికలే. హెర్బల్ అయితే పడకపోవడం ఏంటి అనుకోకండి, మూలికలకీ ఎలర్జీ వస్తది.

ముందు ప్యాచ్ టెస్ట్. మోచేతి మడతలో కొంచెం రాసి, రోజుకి రెండుసార్లు చొప్పున వారం పైనే చూడండి, ఎందుకంటే కొన్ని ఎలర్జీలు రెండు మూడు రోజులు ఆగి గానీ బయటపడవు, నేను ఒక్క పూట చూసి మొహానికి పూసేసుకుని పెళ్ళికి ఎర్రగా వాచిన బుగ్గలతో వెళ్ళానండి, ఫొటోలన్నీ అలాగే ఉన్నాయి.

లేబుల్ మీద సెంట్, ఎసెన్షియల్ ఆయిల్ ఉంటే వద్దు. తులసి నూనె నేరుగా అస్సలు రాయొద్దు.

సెంటెల్లా అంటే మన సరస్వతి ఆకే కదా అని కోనసీమ కాలవగట్టు మీద కోసుకొచ్చి నూరి పట్టించకండి, ఆ నీళ్ళలో ఏం కలుస్తదో మనకి తెలీదు.

చెమటకాయలు, పుండ్లు ఉంటే ఆగండి. రెటినాల్‌తో (ముడతలకి రాసే విటమిన్ ఎ రకం) కలిపి ఒకేసారి మొదలెట్టొద్దు, దేనివల్ల మండిందో తెలీదు. కడుపుతో ఉన్నోళ్ళు డాక్టర్ని అడగండి. మంటొస్తే వెంటనే మంచినీళ్ళతో కడిగేయండి, తగ్గకపోతే స్కిన్ డాక్టర్ దగ్గరికే, మందుల షాపోడిచ్చే స్టెరాయిడ్ ట్యూబు మాత్రం వద్దండి బాబూ.