నరబలి లాంటి కేసు తీర్పు చదివేటప్పుడు ఏం చూడాలి

విశాఖ కోర్టులో నా దగ్గర చేరే జూనియర్లకు నేను ముందుగా బసుటోలాండ్ కేసులు చదవమని ఇస్తాను. ఇప్పుడది లెసోతో. అప్పట్లో బ్రిటిష్‌వాళ్ళ ఏలుబడి. 1940లలో అక్కడ మంత్రాల మందు తయారీ కోసం మనుషుల్ని చంపిన కేసులు వరసగా కోర్టుకెక్కాయి. బతికున్న మనిషి మాంసం కోసి, కాల్చి, ఆ మందుతో కొమ్ము నింపి దగ్గర పెట్టుకుంటే దొరకు, అంటే అక్కడి స్థానిక నాయకుడికి, బలం పెరుగుతుందని నమ్మకం.

తీర్పు చేతికి రాగానే ముందు సాక్షులెవరో చూడండి. ఒక్కొక్క పేరు పక్కనా పెన్సిల్‌తో రాసుకోండి: బయటి మనిషా, హత్యలో చెయ్యి ఉన్నవాడా? ఈ కేసుల్లో కళ్ళారా చూశామన్నవాళ్ళు చాలావరకు అందులో పాల్గొన్నవాళ్ళే. అంటే అప్రూవర్లు, తాము పాల్గొన్న నేరంలో క్షమాపణ పొంది తోటివాళ్ళ మీద సాక్ష్యం చెప్పేవాళ్ళు. తన ప్రాణం దక్కించుకోవడానికి అప్రూవర్ ఎవరి పేరైనా చెప్పొచ్చు.

ఇక్కడ తొందరపడకండి. ఉదాహరణకు, శవం కొండచరియ కింద దొరికింది, చూస్తే జారిపడ్డట్టు ఉంది. డాక్టరు మాత్రం ఇవి కత్తిగాట్లే అన్నాడు. అప్రూవర్ చెప్పింది కూడా అదే. దాంతో కేసు రుజువైపోయిందనిపిస్తుంది. కానీ ఆ గాట్లు హత్య జరిగిందని చెబుతాయి, కత్తి ఎవరు పట్టారో చెప్పవు. మన కేజీహెచ్ (విశాఖ ప్రభుత్వాసుపత్రి) పోస్ట్‌మార్టం రిపోర్టు చదివేటప్పుడూ ఇది మరిచిపోవద్దు. ఫలానా ముద్దాయిని నేరంతో కలిపే ఆధారం విడిగా ఉండాలి. ఒక అప్రూవర్ మాటకు ఇంకో అప్రూవర్ మాట ఆధారం కాదు. ముద్దాయి చెప్పింది కోర్టు నమ్మనంత మాత్రాన అప్రూవర్ మాటకు బలం రాదని బసుటోలాండ్ ముద్దాయి తుమహోలె బెరెంగ్ అప్పీల్లో, అప్పట్లో లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. ఒరిస్సా నుంచి వెళ్ళిన భూబోని సాహు అప్పీలుతో కలిపి చదవండి, రెండూ 1949 లా రిపోర్టుల్లో ఉన్నాయి. మన పాత సాక్ష్య చట్టం 133వ సెక్షన్ అప్రూవర్ ఒక్కడి మాట మీద శిక్ష వేసినా చెల్లుతుందనేది. 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టం 138వ సెక్షన్‌లో వేరే ఆధారం కావాలన్న మాట చేరింది. నాకు ఈ మార్పు ఎంతో నచ్చింది.

ఆ తర్వాత అప్పటి పాలన సంగతి చూడండి. 1938లో సర్కారు తాను గుర్తించే దొరల సంఖ్య కుదించింది, 1946లో వాళ్ళ కోర్టులకు కోతపెట్టింది. 1949లో బెరెంగ్ గ్రిఫిత్, గబషానె మసూఫా అనే ఇద్దరు పెద్ద దొరల్ని ఉరితీశారు. పదవి పోతుందన్న భయమే ఈ హత్యలకు కారణమని జోన్స్ అనే మానవశాస్త్రవేత్త 1951 నివేదికలో రాశాడు. దొరల్ని దించడానికి పోలీసులు అల్లిన కథలని అక్కడి జనంలో చాలామంది అనుకున్నారు. హత్యలు నిజంగా జరిగాయనే నేను నమ్ముతాను. అయినా ఏ ముద్దాయి కేసు ఆ ముద్దాయిదే, విడివిడిగా తూచాలి.

మన ఏజెన్సీ నుంచి చేతబడి అనుమానంతో చంపిన కేసు వస్తే ఇంకొకటి కూడా చూడండి. సాక్షుల వాంగ్మూలాలు నేరం జరిగిన ఎన్నాళ్ళకు రికార్డయ్యాయి, అప్పటిదాకా వాళ్ళు ఎక్కడున్నారు? ఆ తేదీలు వరసగా ఒక కాగితం మీద రాసుకున్నాకే క్రాస్ ఎగ్జామినేషన్‌కు ప్రశ్నలు తయారుచేసుకోండి.