ప్యాకెట్ మీద ఏం రాయాలో కొనేవాళ్లే చెప్తారు

కూకట్‌పల్లిలో నాది ఇడ్లీ, దోసె పిండి వ్యాపారం. పిండో పొడులో పచ్చళ్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వచ్చి ముందుగా అడిగేది ప్యాకెట్ మీద ఏం రాయాలని. కొందరు "స్వచ్ఛమైన, రుచికరమైన ఇంటి వంట" అని ముందే రాసుకుని తెస్తారు. పక్క షాపు ప్యాకెట్ మీదా అదే ఉంటుంది. మీరు ఎవరికి, ఏ వేళప్పుడు, ఏ ఇబ్బంది తప్పిస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు దాన్నే వాల్యూ ప్రపోజిషన్ అంటారు.

ఆ వాక్యం కోసం కొనేవాళ్లతో మాట్లాడండి. "మా పిండి కొంటారా?" అని మాత్రం అడక్కండి. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ, తప్పకుండా కొంటామంటారు, మళ్లీ కనబడరు. జరిగిపోయినదాని గురించి అడగండి. నిన్న పొద్దున టిఫిన్ ఏంటి? ఇడ్లీ ఎందుకు వెయ్యలేదు? ఇంట్లో పిండి రుబ్బి ఎన్నాళ్లయింది? వాళ్లు ఏమంటే అది, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీ భాషలోకి మార్చారంటే అందులో పస పోతుంది.

నేను విన్న మాటలు కొన్ని: "ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది, పప్పు నానబెట్టడం ఎక్కడ గుర్తుంటుంది?" "రుబ్బడానికేం, ఆ గ్రైండర్ కడగాలంటేనే ఏడుపొస్తుంది." "బయట పిండితో ఇడ్లీ నున్నగా వస్తోంది, మా పిల్లలు తినరు." ఈ మూడోది బాగా పట్టించుకోవాల్సిన మాట. ఉప్పుడు బియ్యం రుబ్బి చేసే పిండి తమిళుల పద్ధతి. మన ఇళ్లలో ఎక్కువగా మినప్పప్పు రుబ్బి ఇడ్లీ రవ్వ కలుపుతాం, పలుకు తగులుతుంది. కేపీహెచ్‌బీ చుట్టుపక్కల కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు బోలెడు. వాళ్లు వెతుక్కునేది ఆ పలుకే.

ఇంకో సంగతి, మీ పోటీ ఎవరితో? నా పోటీ ఇంకో పిండి కంపెనీ కంటే ఉప్మాతో, బ్రెడ్డుతో, వీధి చివరి టిఫిన్ సెంటర్‌తో ఎక్కువ. ధర పెట్టేటప్పుడు కూడా కొనేవాళ్లు మనసులో లెక్కేసేది టిఫిన్ సెంటర్ ప్లేటుతోనే.

తర్వాత ఒక్కరిని ఎంచుకోండి. బ్యాచిలర్లకి చట్నీ కూడా కావాలి, ఫంక్షన్ చేసేవాళ్లకి కిలోలకొద్దీ చవగ్గా కావాలి. అందరికీ సరిపోయే వాక్యం రాస్తే మళ్లీ "స్వచ్ఛమైన, రుచికరమైన" దగ్గరికే వస్తుంది. నా వాక్యం ఇది: "రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరినా, పప్పు నానబెట్టకపోయినా, పొద్దున రవ్వ ఇడ్లీ." దీంతో డెలివరీ వేళ సాయంత్రం పొద్దుపోయాక అని, ప్యాకెట్ నలుగురికి ఒక పూటకి సరిపడా అని తేలిపోయింది. బ్రౌన్ రైస్ పిండి అడిగినవాళ్లకి లేదని చెప్పడమూ తేలికైంది.

చవక అన్నదాన్ని ముందు పెట్టాలనుకునేవాళ్లు టాటా నానో సంగతి గుర్తుంచుకోవాలి. స్కూటర్ మీద ఇరుక్కుని వెళ్లే కుటుంబానికి భద్రమైన బండి ఇవ్వాలన్నది రతన్ టాటా ఆలోచన. అవసరం నిజమైనదే. 2008లో చూపించినప్పటి నుంచి జనం నోట్లో మాత్రం అది లక్ష రూపాయల కారు, అన్నిటికన్నా చవకైన కారు. కారు కొనడమంటే నలుగురిలో పరువు కూడా కదా! అలా చవక ముద్ర వేయడం పొరపాటని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

వాక్యం కుదిరాక అచ్చు వేయించకుండా కాగితం మీద రాసి పదిమందికి చూపించండి. చదివి "బాగుంది" అంటే లెక్కలోకి తీసుకోకండి. "రేపటికి ఒకటి పంపించండి" అని డబ్బులిస్తే అప్పుడు లెక్క. రెండోసారి వాళ్లంతట వాళ్లే ఫోన్ చేస్తే ఇంకా గట్టి లెక్క. చెయ్యకపోతే మీరే చేసి, ఆ ప్యాకెట్ ఏమైందో అడగండి. ఫ్రిజ్‌లోనే ఉండిపోయిందంటారా, పులిసిందంటారా, పిల్లలు వద్దన్నారంటారా, ఒక్కోదానికి మందు వేరు.

వేసవిలో ఈ వాక్యాన్ని మళ్లీ చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పిండి తొందరగా పులుస్తుంది, ప్యాకెట్ ఉబ్బుతుంది. చలికాలంలో చెప్పినన్ని రోజులు అప్పుడు చెప్పకూడదు. ఆ రెండు నెలలూ నేను "తెల్లారగానే వాడెయ్యండి" అని స్టిక్కర్ వేరే అతికిస్తాను.