జీడిమామిడిలో టీ దోమ రాకుండా ఎర్రచీమల కాపలా

లేత చిగురు, పూగుత్తి రాగానే టీ దోమ (పేరుకే దోమ, నిజానికి రసం పీల్చే నల్లి జాతి పురుగు) రసం పీల్చేసి నల్లగా మాడ్చేస్తుంది. ప్రతి పూతకూ మందు కొట్టీ కొట్టీ విసుగొచ్చింది. ఆకులను కలిపి కుట్టి గూడు కట్టే పెద్ద ఎర్రచీమలు చెట్టు మీద ఉంటే చిగుళ్లకు దెబ్బ బాగా తగ్గుతుంది. దోమ పిల్లలను కొరికి పట్టుకెళ్లిపోతాయి. చీమలు తమ పిల్లపురుగులను నోట కరుచుకుని వాటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకు అంచులు అతకడం చూస్తూ నిలబడిపోయాను.

ఇలా చేయండి. పూతకు ముందే, సాయంత్రం చల్లబడ్డాక గూడున్న చిన్న కొమ్మను కోసి వెంటనే గోనెసంచిలో వేసి మూతి కట్టండి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి, కాటు మంట పుడుతుంది. చెట్టుకు మూడు నాలుగు గూళ్లు కొమ్మల పంగల్లో కట్టి సంచి విప్పండి. పక్క చెట్టుకు నైలాన్ తాడు కడితే దాని మీదుగా అవే వెళతాయి. మొదటి పది రోజులు లీటరు నీళ్లలో 200 గ్రాముల పంచదార కలిపి చిన్న సీసాలో దూది వత్తితో వేలాడదీయండి, కుదురుకుంటాయి. మొదలు దగ్గర నల్లచీమల పుట్టలుంటే ముందే తీసేయాలి.

ఒక్క జాగ్రత్త: గూళ్లన్నీ ఒకే చెట్టు నుంచో, తాడు కట్టిన వరుస నుంచో తేవాలి. వేర్వేరు గుంపులను కలిపితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, వారంలో చెట్టు ఖాళీ అవుతుంది. పురుగుమందు కొట్టినా అంతే.