గుంటూరు పిన్‌కోడ్ 522002: కాగితం మీద విడగొట్టి చూడటం ఎలా

బ్రాడీపేట, అరండల్‌పేట చిరునామాల చివర రాసే 522002ని మామూలు పూర్ణాంకంగా తీసుకుందాం. మొదట ప్రధాన కారణాంకాలు కావాలి. అవి చేతికొస్తే తక్కిన లెక్కలన్నీ తేలిక.

చివర 2 ఉంది కనుక సరిసంఖ్య. సగం చేస్తే 261001. దీని అంకెల మొత్తం 10, కాబట్టి 3తో పోదు. 5తోనూ పోదు. ఇక 7, 11, 13లను విడివిడిగా పరీక్షించనక్కర్లేదు. ఆ మూడింటి లబ్ధం 1001 కాబట్టి, సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడదీసి తీసివేస్తే చాలు: 261 − 001 = 260. ఇది 7, 11లతో పోదు, 13తో పోతుంది. అంటే 261001 కూడా 13తో పోతుంది.

పొరపాటు జరిగేది ఇక్కడే. మనకు 2,61,001 అని లక్షల కామా పెట్టడం అలవాటు. ఆ కామాల దగ్గర విడదీస్తే 1 − 61 + 2 = −58 వస్తుంది, 13 చేజారిపోతుంది.

261001 ÷ 13 = 20077. భాగఫలంలో సున్నా ఒకటి జారి 2077 అయిపోతుంటుంది, తిరిగి గుణించి చూసుకోండి. 20077కి మళ్లీ అదే పరీక్ష: 77 − 20 = 57, మూడింటితోనూ పోదు. 17తో పోతుంది, 1181 వస్తుంది.

ఎక్కడ ఆపాలి? 522002 వర్గమూలం 722 దాటుతుంది. కానీ కారణాంకం దొరికిన ప్రతిసారీ హద్దు తగ్గుతుంది. ఇప్పుడు మిగిలింది 1181; 35² = 1225 కనుక 31 దాకా చూస్తే సరి. 17, 19, 23, 29, 31లతో శేషాలు 8, 3, 8, 21, 3. కాబట్టి 1181 ప్రధాన సంఖ్య.

522002 = 2 × 13 × 17 × 1181

ఏ ప్రధానాంకమూ రెండోసారి రాలేదు. అందుకే భాజకాలు 2⁴ = 16, వాటి మొత్తానికి ఒక్కో ప్రధానాంకానికి ఒకటి కలిపి గుణించాలి: 3 × 14 × 18 × 1182 = 893592. అందులోంచి 522002 తీసేస్తే 371590. ఇది అసలు సంఖ్య కంటే తక్కువ కనుక 522002 న్యూన సంఖ్య. ప్రధానాంకం మళ్లీ వచ్చిన చోట ఒకటి కలిపితే సరిపోదు: 12 = 2² × 3కి (1+2+4) × (1+3) = 28 అని వేయాలి.

ఈ సంఖ్యలో అన్నిటికంటే అందమైన గుణం వేరే ఉంది. 13, 17, 1181 మూడూ 4తో భాగిస్తే 1 మిగిల్చేవే. అలాంటి ప్రధానాంకాన్ని రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు. వాటిని కలిపే సూత్రాన్ని బ్రహ్మగుప్తుడు 628లోనే ఇచ్చాడు:

(a² + b²)(c² + d²) = (ac − bd)² + (ad + bc)²

2 × 13 × 17 = 442 = 21² + 1², 1181 = 34² + 5². 21 × 34 − 1 × 5 = 709, 21 × 5 + 1 × 34 = 139. అంటే 522002 = 709² + 139². గుర్తులు తారుమారు చేస్తే 719² + 71². 442ని 19² + 9²గా తీసుకుంటే 601² + 401², 691² + 211². మొత్తం నాలుగు విధాలు, ఐదోది లేదు.

విజయవాడ ఆటోనగర్ పిన్‌కోడ్ 520007ని ఇలా రెండు వర్గాల మొత్తంగా ఒక్క విధంగానూ రాయలేం. వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 0 లేదా 1, రెండు కలిస్తే 2 దాటదు. 520007కి శేషం 3.