ఇంట్లో రైలు మార్గం – 4వ పాఠం: వంపు

పోయిన పాఠంతో బల్ల సిద్ధమైంది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 12 మి.మీ. ప్లైవుడ్, కింద అడ్డకర్రల చట్రం. ఇక పట్టాలు పరిచేసి రైలు తిప్పేద్దామని మనసు లాగుతుంటుంది. నాకూ అలాగే లాగింది. అందుకే మొదటిసారి వేసిన పట్టాలన్నీ పీకి మళ్ళీ వేసుకోవాల్సి వచ్చింది. నేరుగా పోయే పట్టా ఎవరు వేసినా బాగానే ఉంటుంది. మన పనితనం బయటపడేది వంపు దగ్గరే. మీరు ఏ రైలు కొనొచ్చో, ఏది కొంటే బాధపడతారో తేల్చేది కూడా వంపే. కానీ చాలామంది ముందు రైలు కొనేసి, అది పట్టా దిగాక వంపు కొలవడం మొదలుపెడతారు.

రెండో పాఠంలోని లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి. మనం ఎంచుకున్నది హెచ్‌ఓ, అంటే అసలు కొలతలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఇది 1435 మి.మీ. ఉండే విదేశీ స్టాండర్డ్ గేజికి సరిపోయే కొలత. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ., కాబట్టి లెక్క ప్రకారం 19.3 రావాలి. ఆ కొలతలో పట్టాలు, చక్రాలు సొంతంగా చేసుకునే ఓపిక ఉన్నవాళ్ళు వేరు. మనం 16.5తోనే సర్దుకుంటున్నాం. ఇంజనును ఎదురుగా చూస్తే కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డ పహిల్వానులా ఉంటుంది. అది మొదటి రాజీ. ఇవాళ చేసుకోబోయేది అంతకంటే పెద్దది.

మన రైల్వేలో వంపును డిగ్రీల్లో చెబుతారు. 1750ని ఆ డిగ్రీలతో భాగిస్తే వ్యాసార్థం మీటర్లలో వస్తుంది. బ్రాడ్ గేజిలో 10 డిగ్రీల వంపే హద్దు, అంటే 175 మీటర్లు. అరకు రైల్లో వెనక పెట్టెలో కూర్చుని, వంపు తిరిగేటప్పుడు కిటికీలోంచి ముందున్న ఇంజను చూసి పిల్లలు కేకలు పెడతారు కదా, అంత మలుపు కూడా ఈ హద్దు లోపలే. ఆ 175 మీటర్లను 87తో భాగిస్తే 2 మీటర్లు. అంటే సగం చుట్టు తిరగడానికే 4 మీటర్ల వెడల్పు కావాలి. మన ఫ్లాట్లలో హాల్లోని సోఫాలు బయట పెట్టినా అది కుదిరే పని కాదు. అందుకే బొమ్మ రైళ్ళ కంపెనీలు సెట్లలో 18 అంగుళాల వంపులు ఇస్తుంటాయి, అంటే 457 మి.మీ. అసలు రైలు లెక్కలోకి మార్చితే ఇది 40 మీటర్ల వంపు. ఏ డ్రైవరూ జన్మలో చూడని మలుపు!

ఆ మలుపులో పొడవైన పెట్టె ఏం చేస్తుందో కాగితం మీద చూద్దాం. ముందు ఒక మాట. మనం మామూలుగా బోగీ అంటే మనుషులు కూర్చునే పెట్టె. రైల్వే వాళ్ళ లెక్కలో బోగీ అంటే ఆ పెట్టె కింద చక్రాలు బిగించి ఉండే బండి. ఒక్కో పెట్టెకు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. ఇక్కడ నేను రెండో అర్థంలోనే వాడుతున్నాను.

రాజధాని ఎక్స్‌ప్రెస్ లాంటి రైళ్ళకు ఉండే పొడవైన కొత్త రకం పెట్టెను ఎల్‌హెచ్‌బీ అంటారు. దాని పొడవు సుమారు 23.5 మీటర్లు. ముందు బోగీ మధ్య నుంచి వెనక బోగీ మధ్యకు 14.9 మీటర్లు. వెడల్పు 3.24 మీటర్లు. 87తో భాగిస్తే వరసగా 270, 171, 37 మి.మీ. ఏదైనా పార్సిల్ అట్టపెట్టె తీసుకుని 270 పొడవు, 37 వెడల్పుతో ముక్క కత్తిరించండి. దాని నడిమి గీత మీద, రెండు కొసల నుంచీ సమాన దూరంలో, 171 మి.మీ. ఎడంగా రెండు గుండుసూదులు గుచ్చండి. అవే మీ బోగీలు. రెండు మూడు న్యూస్‌పేపర్లు అంటించి, ఒక మేకు, ఒక కర్ర, దాని చివర పెన్సిల్‌తో 457 మి.మీ. వ్యాసార్థంలో వంపు గీయండి. రెండు సూదులూ గీత మీదే ఉండేలా అట్టముక్కను జరుపుతూ పొండి.

అట్టముక్క నడుము గీతకు లోపలి వైపు జారడం కనిపిస్తుంది. కొసలు బయటికి పొడుచుకొస్తాయి. నడుము ఎంత జారుతుందో తెలియాలంటే బోగీల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వ్యాసార్థానికి 8 రెట్లతో భాగించండి. 171ని 171తో గుణిస్తే 29,241. దాన్ని 3,656తో భాగిస్తే 8 మి.మీ. సగం వెడల్పు 18.5 కూడా కలిపితే, పట్టా మధ్య గీత నుంచి లోపలికి దాదాపు 27 మి.మీ. బయటి వైపు మూలలు దాదాపు 30 మి.మీ. దాకా వస్తాయి. మీ అట్టముక్కను స్కేలుతో కొలిచి చూడండి, సరిపోతుంది.

దీని వల్ల ఏమవుతుంది? పక్కపక్కనే రెండు లైన్లు వేద్దామనుకున్నారు, మధ్య దూరం 50 మి.మీ. పెట్టారు అనుకోండి. కావలసినట్టు వంచుకోగలిగే ఫ్లెక్సిబుల్ పట్టాలు వాడేవాళ్ళు మామూలుగా పెట్టే దూరమే అది. నేరు దారిలో చక్కగా ఉంటుంది. వంపులో లోపలి రైలు మూల 30 మి.మీ. బయటికొస్తుంది, బయటి రైలు నడుము 26 మి.మీ. లోపలికొస్తుంది. కలిపితే 56. రెండు రైళ్ళూ ఎదురైన చోట రాసుకుని పక్కకు పడిపోతాయి. నా దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. చుట్టాలు చూస్తుండగా.

అదే బాక్స్‌ఎన్ వ్యాగన్‌తో చేసి చూడండి. సింగరేణి బొగ్గు మోసే ఎత్తు గోడల వ్యాగన్ అది. పొడవు 10.7 మీటర్లు, బోగీల మధ్య 6.5 మీటర్లు. హెచ్‌ఓలో 123, 75. నడుము జారేది ఒకటిన్నర మి.మీ. అంతే! కొత్తవాళ్ళకు నేనిచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: మొదట గూడ్సు బండి పెట్టుకోండి. రాజధాని మీద మోజు ఉంటే ఉండనివ్వండి, అది రెండో ఏడు. చిన్న బల్ల మీద 20 బాక్స్‌ఎన్‌లు వంపు తిరుగుతుంటే కళ్ళు నమ్ముతాయి. ఎల్‌హెచ్‌బీ పెట్టెలు తిరుగుతుంటే మడతకుర్చీలు దొర్లుతున్నట్టు ఉంటుంది.

మరి మన బల్లకు ఎంత వంపు? 4 అడుగులంటే 1219 మి.మీ. నేను 550 మి.మీ. వ్యాసార్థం పెట్టమంటాను. దానిలో ఎల్‌హెచ్‌బీ నడుము జారేది 6.6 మి.మీ.కి తగ్గుతుంది. అంచు దగ్గర రైలు కింద పడకుండా 5 సెం.మీ. చోటు మిగులుతుంది. లోపల రెండో లైను కావాలంటే 457 పెట్టుకోండి. మధ్య దూరం 93 వస్తుంది కాబట్టి రాసుకునే గొడవే లేదు. రెండు లైన్లు అంత ఎడంగా ఉంటే అందంగా ఉండదు నిజమే. మధ్యలో చెట్లు పెడదాం.

గీత గీయడం

బల్లకు నిలువునా నడిమి గీత కొట్టండి. దాని మీద ఒక చివర వైపు, చుట్టు బల్ల దాటి పోనంత లోపలికి మేకు దిగ్గొట్టి 550తో సగం చుట్టు గీయండి. ఇప్పుడు నేరు పట్టా గీతను ఆ చుట్టు అంచుకు తాకేలా కాకుండా 8 మి.మీ. బయటికి జరిపి గీయండి. ఎందుకంటే నేరుగా వస్తున్న రైలు ఒక్కసారిగా వంపులో పడితే ఇంజను తల విదిల్చినట్టు తిరుగుతుంది. అసలు రైల్వే కూడా నేరు దారికీ వంపుకీ మధ్య మెల్లగా బిగుసుకునే దారి వేస్తుంది. మనకు దాని గణితం అక్కర్లేదు. వడ్రంగి దగ్గర సన్న బీడింగు ముక్క అడిగి తెచ్చుకోండి. వంపు మొదలయ్యే చోటుకు 150 మి.మీ. ముందు నేరు గీత మీద, 150 మి.మీ. తర్వాత చుట్టు గీత మీద దాన్ని మేకులతో పట్టి ఉంచండి. మధ్యలో బీడింగు తనంతట తానే ఒంపు తిరుగుతుంది. ఆ అంచు వెంబడి పెన్సిల్ లాగండి. చెక్కకు ఆ లెక్క మనకంటే బాగా తెలుసు.

ఎడమ వంపు అయిపోగానే కుడి వంపు పెట్టకండి. రెండు పెట్టెలు ఎదురెదురు దిక్కులకు లాక్కుని వాటిని కలిపే కొక్కెం (కప్లింగు) దగ్గర పట్టా దిగుతాయి. తప్పనిసరైతే మధ్యలో కనీసం ఒక పెట్టె పొడవు, అంటే 270 మి.మీ., నేరు పట్టా ఉండాలి.

పట్టా వంచడం

ఫ్లెక్సిబుల్ పట్టా ముక్క సాధారణంగా 914 మి.మీ. ఉంటుంది. ఒక గజం అన్నమాట. సగం చుట్టుకు 1,728 మి.మీ. కావాలి, కాబట్టి రెండు ముక్కలు. అతుకు సరిగ్గా వంపు నడుమ పడుతుంది. విడిగా వంచి తర్వాత కలిపితే ఆ చోట మోచెయ్యిలా మడత వస్తుంది. ముందు బల్ల మీద నేరుగా పెట్టి, ఫిష్‌ప్లేటు (రెండు పట్టాలను కలిపే చిన్న రేకు) తొడిగి, టంకం వేసి, ఆ తర్వాత రెండూ ఒకటిగా వంచండి.

అతుకు కింద వచ్చే రెండు స్లీపర్లు (పట్టా కింది అడ్డపట్టీలు) ముందే తీసి పక్కన పెట్టుకోండి, ప్లాస్టిక్ కరిగిపోకుండా. అటూ ఇటూ తడి దూది పెట్టండి. టంకం పట్టా బయటి వైపే వేయాలి. లోపలి వైపు వేస్తే చక్రం అంచు దాని మీద ఎగురుతుంది. టంకం పట్టడానికి రాసే పేస్టుల్లో రోజిన్ తప్ప వేరేది వాడకండి. ఒకసారి దుకాణంలో ఏదో డబ్బా చేతిలో పెడితే చూసుకోకుండా తెచ్చాను, అది యాసిడ్ రకం. వానాకాలం వెళ్ళేసరికి ప్రతి అతుకూ పచ్చగా చిలుం పట్టింది. ఆ చిలుం గీకిన ఆదివారాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఫ్లెక్సిబుల్ పట్టాలో రకాన్ని బట్టి ఒక కమ్మీ కదలకుండా, రెండోది జారేలా ఉంటుంది. జారే కమ్మీని వంపు లోపలి వైపు పెట్టండి. వంచుతూ పోతే లోపలి కమ్మీ చివర బయటికి పొడుచుకొస్తుంది. సగం చుట్టు తిరిగేసరికి 5 సెం.మీ. పైనే. వంపు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు, ఎందుకంటే అది పట్టాల మధ్య దూరం మీదే ఆధారపడుతుంది. ఆ మిగులును సన్న రంపంతో కోసి, అంచును ఆకురాయితో నునుపు చేయండి. తర్వాత కళ్ళు మూసుకుని అతుకు మీద గోరు లాగండి. గోరు తట్టుకుంటే చక్రమూ తట్టుకుంటుంది.

నేరు దారిలోని అతుకులకు మాత్రం టంకం వేయకండి. విజిటింగ్ కార్డు పట్టేంత సందు వదలండి. ఎండాకాలంలో మూసి ఉన్న గదిలో లోహం సాగుతుంది, చట్రం కర్ర ఆరి కుంచించుకుపోతుంది. సందు లేకపోతే పట్టా పాములా మెలిక తిరుగుతుంది.

బిగించేటప్పుడు 3 మి.మీ. కార్క్ షీటు కింద అంటించి, స్లీపరు నడుమ ఉన్న రంధ్రంలో సన్న మేకు దింపండి. మేకు తల స్లీపరును తాకీ తాకనట్టు ఉండాలి. నా మొదటి బల్ల మీద సుత్తితో గట్టిగా దిగ్గొట్టాను, అలాగైతేనే గట్టిగా ఉంటుందని. స్లీపరు నడుమ లోపలికి కుంగి, రెండు కమ్మీలూ పైన దగ్గరకొచ్చాయి. ఇంజను ప్రతి చుట్టులో అదే చోట దిగేది. మూడు వారాలు ఇంజనుదే తప్పనుకుని దాన్ని విప్పి బిగించాను. ఆఖరికి చెంప బల్లకు ఆనించి, పట్టా ఎత్తులో కన్ను పెట్టి చూస్తే తెలిసింది. లైను మీద పనిచేసే గ్యాంగు మేస్త్రీ కూడా వంగి కూర్చుని పట్టా వెంబడి ఒక కన్నుతో చూస్తాడు. ఎన్ని పరికరాలున్నా ఆ చూపు మానకండి.

కరెంటు సంగతి ఆరో పాఠంలో. ఇప్పటికి ఒక్క పని చేయండి: టంకం వేసిన ప్రతి జోడీకి బయటి కమ్మీకి ఎర్ర తీగ, లోపలి కమ్మీకి నల్ల తీగ అతికించి బల్ల కిందికి వదిలేయండి. ఫిష్‌ప్లేటు కరెంటు మోస్తుందని నమ్ముకోవద్దు. ఆర్నెల్లు మోస్తుంది, తర్వాత దుమ్ము పట్టి మానేస్తుంది.

ఇంటిపని

మీ దగ్గర ఉన్న పొడవైన పెట్టె తీసుకోండి. లేకపోతే అట్టముక్కకు చిన్న వ్యాగన్ల బోగీలు తగిలించినా చాలు. బయటి మూల దగ్గర ఒక పెన్సిల్, లోపలి వైపు నడుము దగ్గర ఇంకో పెన్సిల్ టేపుతో అంటించి, మొనలు బల్లను తాకేలా పెట్టి, చేత్తో మెల్లగా చుట్టంతా తోయండి. పట్టాకు రెండు వైపులా గీతలు పడతాయి. నేరు దారిలో దగ్గరగా, వంపులో ఎడంగా. మన రైల్వేకు షెడ్యూల్ ఆఫ్ డైమెన్షన్స్ అని ఒక నిబంధనల పుస్తకం ఉంది. పట్టాకు ఎంత దూరంలో ఏం కట్టొచ్చో, వంపులో ఇంకెంత వదలాలో దానిలో ఉంటుంది. బల్ల మీద పడ్డ ఈ రెండు గీతలే మీ పుస్తకం. స్తంభం, సిగ్నలు, సొరంగం గోడ, ఏదైనా గీతకు ఇంకో 3 మి.మీ. అవతలే ఉండాలి.

ప్లాట్‌ఫామును వంపులో పెట్టాలనిపిస్తుంది, చాలా స్టేషన్లలో అలా ఉంటుంది కూడా. గీతలు చూశాక మీరే మానుకుంటారు. నేరు దారిలో దానికి చోటు చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఉంచండి. అయిదో పాఠంలో పాయింట్లు (రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళే చోట్లు) వేసేది ఆ గుర్తు పక్కనే.