వేట మొదలయ్యేలోపు ఐసు ఫ్యాక్టరీలో అమోనియా డిటెక్టరు పరీక్ష

జూన్ 14తో 61 రోజుల చేపల వేట నిషేధం ముగుస్తుంది. మర్నాటి నుంచి జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు పడవలన్నిటికీ ఒక్కసారే ఐసు కావాలి. వారాల తరబడి ఆగిన కంప్రెసరు మీద లోడు పడగానే ఆరిపోయిన షాఫ్టు సీలు దగ్గరో, వాల్వు గ్లాండు దగ్గరో అమోనియా (ఐసు గడ్డకట్టించే చల్లదనానికి వాడే గ్యాసు) లీకు బయటపడుతుంది. అందుకే మిషను తిప్పకముందే, లీకును పసిగట్టి అలారం మోగించే డిటెక్టరును చూసుకోవాలి.

అమోనియా ద్రావణం సీసా మూత తీసి సెన్సరు కింద పెట్టి, మోగింది కదా అని వదిలేస్తే అది పరీక్ష కాదు. సీసా మూతి దగ్గర ఆవిరి ఎన్నో వేల పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లు అన్న లెక్క) ఉంటుంది. సగం శక్తి పోయిన సెన్సరు కూడా దానికి మోగుతుంది. మనకు తేలాల్సింది 25 పీపీఎంకి మోగుతుందా అన్నది. పైగా అంత ఘాటు తగిలిన సెన్సరు చాలాసేపు సున్నాకు దిగదు, ఆయుష్షూ తగ్గుతుంది.

కావాల్సింది 50 పీపీఎం కాలిబ్రేషన్ గ్యాసు (రీడింగు సరిచూడటానికి కచ్చితమైన కొలతతో కలిపిన గ్యాసు) సిలిండరు. గడువు తేదీ చూసి తీసుకోండి, ఎండలో పెట్టకండి. రెగ్యులేటరు స్టెయిన్‌లెస్ స్టీలుది కావాలి, ఇత్తడిని అమోనియా తినేస్తుంది. ట్యూబు టెఫ్లాన్‌ది, పొట్టిగా ఉండాలి. రబ్బరు గొట్టం గ్యాసును పీల్చుకుని రీడింగు తగ్గిస్తుంది, బాగున్న సెన్సరు చెడిందనిపిస్తుంది.

పరీక్ష గ్యాసు సొంతంగా కలిపే పద్ధతీ ఉంది: 10 లీటర్ల శాంపిల్ బ్యాగులో పొడి గాలి నింపి, గ్యాసు సిరంజితో 0.5 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన అమోనియా ఎక్కిస్తే 50 పీపీఎం. ఇది ఫ్యూమ్ హుడ్ (విషవాయువును బయటికి లాగేసే గూడు) ఉన్న ల్యాబులో, తెలిసినవాళ్లు చేసే పని. ఐసు ప్లాంటు లైను నుంచి గ్యాసు పట్టకండి. ద్రావణం సీసాలోని ఆవిరితో లెక్క కుదరదు, అందులో నీటి ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. సరిగ్గా కలిపినా బ్యాగు గోడలకు అమోనియా అంటుకుని పీపీఎం పడిపోతుంది. కనుక వెంటనే వాడాలి, అదీ సెన్సరు స్పందిస్తుందో లేదో చూడటానికే. కాలిబ్రేషనుకు సిలిండరే.

పరీక్షకు ఇద్దరుండాలి. అలారం మోగగానే కంప్రెసరును దానంతటదే ఆపేసే ట్రిప్పును ముందు బైపాస్ చేయండి, అంటే పరీక్ష అయ్యేదాకా పనిచేయకుండా పక్కన పెట్టండి. శుభ్రమైన గాలిలో సున్నా చూసుకున్నాక సెన్సరు మూతికి గ్యాసు ట్యూబున్న కప్పు తగిలించి, డిటెక్టరు పుస్తకంలో చెప్పిన వేగంతో (సాధారణంగా నిమిషానికి అరలీటరు) గ్యాసు వదలండి. రెండు నిమిషాల్లో రీడింగు 45 నుంచి 55 మధ్య నిలబడాలి. అలారంతో పాటు ఎగ్జాస్టు ఫ్యాను తిరిగిందా అన్నదీ చూడండి. రీడింగు తక్కువైతే ముందు సెన్సరు మూతి మీది ఉప్పు, దుమ్ము తుడిచి మళ్లీ పరీక్షించండి. అయినా రాకపోతే సెన్సరు మార్చాల్సిందే, స్క్రూ తిప్పి రీడింగును 50కి లాక్కురావద్దు. గదిలో అమోనియా 300 పీపీఎం దాటితే ప్రాణాపాయం.

గది వదిలేముందు బైపాస్ తీసేశారో లేదో ఇద్దరూ కళ్లారా చూసి రిజిస్టరులో సంతకం పెట్టండి.